సోలార్ ప్యానెల్ చెప్పినంత పనిచేస్తోందా? టేపు, బల్బు, మీటరుతో మనమే చూసుకుందాం

(చెన్నైలో తెలుగు యవ్వనస్థుల కూడికలో చేసిన ప్రసంగ పాఠం)



నాకిచ్చిన అంశం "సృష్టి పట్ల మన బాధ్యత". అంత పెద్ద అంశాన్ని గంటలో మోయడం నావల్ల కాదు. అందుకే ఈ బల్ల మీదికి సరిపోయేంత చిన్నది చేసుకుని వచ్చాను. ఇక్కడున్నవి చూడండి. దర్జీ వాడే కొలత టేపు, ఒక పెన్సిలు, ఆటో బ్రేకు లైటులో వేసే 12 వోల్టుల బల్బులు రెండు, రిచీ స్ట్రీట్‌లో రెండు మూడు వందలకు దొరికే చిన్న మల్టీమీటరు, ఒక పాత దుప్పటి. వీటితో ఒక సోలార్ ప్యానెల్ పనిచేస్తోందా లేదా, అమ్మినవాడు చెప్పినంత పనిచేస్తోందా అన్నది మీరే తేల్చుకోవచ్చు. ఇంజినీరింగు చదవక్కర్లేదు. ఎనిమిదో తరగతి గుణకారం వస్తే చాలు.

ఇది సంఘంలో మాట్లాడే సంగతేనా అని కొందరు పెద్దలు అనుకుంటూ ఉండవచ్చు. లేవీయకాండము 19వ అధ్యాయం చూడండి. తూనికల్లో, కొలతల్లో న్యాయం ఉండాలన్న ఆజ్ఞ అక్కడ ఉంది. సామెతలు 11వ అధ్యాయం మొదలయ్యేదే దొంగ త్రాసు గురించి. ఆమోసు 8వ అధ్యాయంలో ప్రవక్త కోపం ఎవరి మీద? కొలపాత్ర చిన్నది చేసి, ధర పెద్దది చేసి, చివరికి బీదవాణ్ణే కొనేసే వర్తకుల మీద. మనకు ఇవన్నీ తెలుసు. పెట్రోలు బంకులో మీటరు సున్నా చూస్తాం. చేపల మార్కెట్లో త్రాసు కింద అయస్కాంతం ఉందేమో అని వంగి చూస్తాం. కానీ ఎనిమిది వేలు పోసి ప్యానెల్ కొనేటప్పుడు వెనకాల అంటించిన కాగితం మీద ఎంత అని ఉంటే అంతే అనుకుంటాం. వాట్ కూడా ఒక కొలతే కదా. దాన్ని కొలిచేవాళ్ళు మనలో లేరు గనుక, చిన్న కొలపాత్ర పెట్టుకుని అమ్మేవాడికి భయం లేదు.

మా సంఘంలో ఒక అక్క ఉంది. పేరు చెప్పను. పెరంబూరు వైపు సాయంత్రం పూట టిఫిన్ బండి పెడుతుంది. బండి పెట్టే చోట కరెంటు లేదు. అందుకని ఇంటి మిద్దె మీద ప్యానెల్ పెట్టించి, పగలు బ్యాటరీ చార్జు చేసి, సాయంత్రం బండికి తెచ్చుకుంటుంది. రెండు 9 వాట్ల ఎల్‌ఈడీ దీపాలు, పొయ్యి ఊదడానికి 20 వాట్ల చిన్న ఫ్యాను, ఇంకా ఫోను చార్జింగు. ఐదు గంటలకు లెక్క వేయండి. దీపాలకు 90, ఫ్యానుకు 100, ఫోనుకు ఓ 10. మొత్తం 200 వాట్-గంటలు. ఆమెకు "100 వాట్ల ప్యానెల్" అని అమ్మారు. చెన్నైలో రోజుకు సగటున ఐదు గంటల నిండు ఎండతో సమానమైన వెలుతురు వస్తుంది. అంటే 500. వేడికి, దుమ్ముకు, వైర్లకు, బ్యాటరీకి పోయేది పోగా 300 మిగిలినా ఆమెకు హాయిగా సరిపోవాలి. కానీ ఏడున్నరకే దీపాలు మసకబారేవి. ఆరు నెలలకు దుకాణంవాడు బ్యాటరీ పోయింది, కొత్తది కొనమన్నాడు. కొంది. ఇంకో ఎనిమిది నెలలకు మళ్ళీ బ్యాటరీ పోయింది. రెండోసారి వడ్డీకి తెచ్చింది.

నిజానికి బ్యాటరీ తప్పేమీ లేదు. లెడ్ యాసిడ్ బ్యాటరీని రోజూ సగం కడుపుతో ఉంచితే దాని పలకల మీద సల్ఫేటు గట్టిపడి త్వరగా చస్తుంది. ప్యానెల్ చిన్నదైతే చచ్చేది బ్యాటరీ, నింద పడేది బ్యాటరీ మీద, ఖర్చు పడేది కొన్నవాళ్ళ మీద. ప్యానెల్ మాత్రం మిద్దె మీద మెరుస్తూ కూర్చుంటుంది. ఈ మోసం బయటపడకపోవడానికి కారణం ఇదే.

ఆ ప్యానెల్‌ని మేం ఎలా పట్టుకున్నామో చెబుతాను.

మొదట టేపు. మీటరు కాదు, టేపే. నడినెత్తి ఎండలో ఒక చదరపు మీటరు మీద పడే శక్తి సుమారు 1000 వాట్లు. దీన్ని ఏ కంపెనీ పెంచలేదు, దేవుడు పెట్టిన లెక్క అది. ఇప్పుడు బజారులో దొరికే మంచి సిలికాన్ ప్యానెళ్ళు అందులో ఐదో వంతు, ఇంకాస్త ఎక్కువ కరెంటుగా మారుస్తాయి. అడుగుల్లోకి మార్చుకుంటే ఒక చదరపు అడుగుకు 18 నుంచి 21 వాట్లు. పాత రకం, నీలంగా మిలమిలలాడే పాలీ ప్యానెళ్ళకైతే 12 నుంచి 15 వాట్లే. ఇక లెక్క మీ చేతిలో ఉంది. పొడవు, వెడల్పు అడుగుల్లో కొలిచి గుణించండి, దాన్ని 20తో గుణించండి. కాగితం మీది వాట్లు దానికన్నా బాగా ఎక్కువ ఉంటే కాగితం అబద్ధం.

అక్క ప్యానెల్ రెండడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు. మూడు చదరపు అడుగులు. దాని మీద పడే ఎండే 280 వాట్లు ఉండదు. అందులోంచి 100 తీయాలంటే మూడో వంతు కన్నా ఎక్కువ కరెంటుగా మార్చాలి. సిలికాన్‌తో ఒక పొర పలక చేస్తే భౌతికశాస్త్రం ఒప్పుకునే గరిష్ఠమే 29 శాతం దగ్గర ఆగిపోతుంది. దుకాణంలో నిలబడి, మీటరు లేకుండా, ఎండ కూడా లేకుండా, టేపుతోనే తేలిపోయేది. 100 వాట్ల ప్యానెల్ అయితే కనీసం ఐదు చదరపు అడుగులు ఉండాలి. ఈ ఒక్క అంకె గుర్తుపెట్టుకుని వెళ్ళినా నాకు చాలు.

టేపు చెప్పేది ఇంతకన్నా ఎక్కువ రాదు అని మాత్రమే. అంత వస్తోందా అన్నది మీటరు చెప్పాలి.

ప్యానెల్ వెనక చీటీ మీద నాలుగైదు అంకెలు ఉంటాయి. రెండు చూస్తే చాలు. ఒకటి ఓపెన్ సర్క్యూట్ వోల్టేజీ, అంటే ఏమీ తగిలించకుండా వైర్ల కొసల మధ్య ఉండే వోల్టేజీ. రెండోది షార్ట్ సర్క్యూట్ కరెంటు, అంటే రెండు కొసలూ కలిపేస్తే పారే ఆంపియర్లు. 12 వోల్టుల బ్యాటరీ కోసం చేసే 36 గళ్ళ ప్యానెల్‌కి మొదటిది 21, 22 వోల్టులుంటుంది. 12 వోల్టుల ప్యానెల్ అన్నాడు, 21 చూపిస్తోందేమిటి అని కంగారు పడొద్దు. బ్యాటరీలోకి తోయాలంటే ప్యానెల్ వోల్టేజీ బ్యాటరీకన్నా ఎత్తులో ఉండాలి.

వోల్టేజీ చూడడం తేలిక. మీటరు గుబ్బను డీసీ వోల్టుల వైపు, 200 అంకె దగ్గరకు తిప్పండి. నల్ల తీగ కామన్ రంధ్రంలో, ఎర్ర తీగ వోల్టుల రంధ్రంలో. కొసలు ప్యానెల్ వైర్లకు ఆనించండి. అంకె ముందు మైనస్ గుర్తు వస్తే వైర్లు తారుమారయ్యాయి, అంతే. ఆ గుర్తును బట్టి ఏది ప్లస్, ఏది మైనస్ అని రంగు దారం కట్టుకోండి. చాలా ఇళ్ళలో రెండు వైర్లూ నలుపే ఉంటాయి, తారుమారుగా కలిపి కంట్రోలర్ కాల్చుకుంటారు.

చెన్నై మేలో మిద్దె మీద ప్యానెల్ 60 డిగ్రీలు దాటి కాలుతుంది. చీటీ మీది అంకెలు 25 డిగ్రీల దగ్గర కొలిచినవి. ఒక్కో డిగ్రీ వేడికి వోల్టేజీ సుమారు 0.3 శాతం తగ్గుతుంది. 35 డిగ్రీలు పెరిగితే పదో వంతు పోతుంది. చీటీ మీద 21.6 ఉండి మీటరులో 19.3 వస్తే ప్యానెల్ చెడిపోలేదు, మన ఊరి ఎండ అది.

ఇక్కడ అందరూ మోసపోయే చోటు ఒకటుంది. దుకాణంవాడు ప్యానెల్‌ని వీధిలోకి కాస్త తిప్పి, మీటరు పెట్టి, "చూడమ్మా, ఇరవై వోల్టులు" అంటాడు. మనం తలూపుతాం. వోల్టేజీ మిద్దె మీది ట్యాంకు ఎత్తు లాంటిది. ఎత్తుంటే సరిపోదు, పైపులోంచి బిందె నిండే ధార రావాలి. ఆ ధార ఆంపియర్లు. మబ్బులోనూ, పొద్దున్నే ఏడింటికీ కూడా ప్యానెల్ దాదాపు పూర్తి వోల్టేజీ చూపిస్తుంది. గళ్ళు పగిలి, లోపలి అతుకులు ఊడి, సగం చచ్చిన ప్యానెల్ కూడా చాలాసార్లు చక్కటి వోల్టేజీ చూపిస్తుంది. కాబట్టి వోల్టేజీ రాకపోతే ప్యానెల్ గానీ వైరు గానీ చెడిందని చెప్పవచ్చు. వోల్టేజీ వచ్చింది గనుక బాగుందని మాత్రం చెప్పకూడదు. ఎల్‌ఈడీ దీపం వెలిగించి చూపించినా ఇదే మాట. ఎల్‌ఈడీకి చెంచాడు కరెంటు చాలు.

ఆంపియర్లు చూసే పద్ధతి ఇప్పుడు చెబుతాను, దీన్ని జాగ్రత్తగా వినండి. ఇది నేలమీద పెట్టిన, ఒంటరిగా ఉన్న, 100 వాట్ల లోపు 12 వోల్టుల ప్యానెల్‌కి మాత్రమే. మొదట ప్యానెల్ మీద దుప్పటి కప్పండి. ప్యానెల్‌కి స్విచ్చి ఉండదు, ఎండ పడితే అది ఆన్, దుప్పటే దాని స్విచ్చి. కంట్రోలర్ నుంచి ప్యానెల్ వైర్లు విప్పండి. మీటరులో ఎర్ర తీగను 10 ఆంపియర్ల రంధ్రంలోకి మార్చి, గుబ్బను 10 ఆంపియర్ల దగ్గర పెట్టండి. కొసలు ప్యానెల్ వైర్లకు గట్టిగా తగిలించి, అప్పుడు దుప్పటి తీయండి. ఐదారు సెకన్లలో అంకె చూసుకుని మళ్ళీ దుప్పటి కప్పి, ఆ తరువాతే తీగలు తీయండి. ఎండలో ఉండగా లాగితే నిప్పురవ్వ వస్తుంది. అయిపోగానే ఎర్ర తీగను వోల్టుల రంధ్రంలోకి మార్చేయండి. మార్చడం మరచి, ఆ మీటరునే బ్యాటరీకి పెట్టినవాళ్ళ చేతిలో తీగలు కరిగిపోవడం చూశాను.

కొలిచే ముందు పెన్సిలు. ప్యానెల్ అద్దం మీద పెన్సిలును నిటారుగా నిలబెట్టండి. నీడ పడుతుంది. ప్యానెల్‌ని అటూ ఇటూ వంచుతూ పోతే ఒక చోట నీడ పూర్తిగా మాయమవుతుంది. అప్పుడు ప్యానెల్ సూర్యుడికి ఎదురుగా ఉన్నట్టు. 11 గంటల నుంచి ఒంటిగంట లోపు, మబ్బులేని రోజు ఇలా పెట్టి చూస్తే చీటీ మీది షార్ట్ సర్క్యూట్ కరెంటులో 80, 90 శాతం రావాలి. పెన్సిలు చూడకుండా పక్కకు పడేసి కొలిచి ప్యానెల్‌ని తిట్టకూడదు, అది మన వైపు నుంచి దొంగ తూకం అవుతుంది. అమ్మేవాడికి కూడా న్యాయం చేయాలి కదా.

అక్క ప్యానెల్‌కి 19.5 వోల్టులు, 2.6 ఆంపియర్లు వచ్చాయి. ఆ రెండూ గుణించి, నాలుగింట మూడు వంతులు తీసుకోండి. ఆరోగ్యంగా ఉన్న ప్యానెల్‌కి దాని గరిష్ఠ శక్తి ఆ చుట్టుపక్కల ఉంటుంది. 38 వాట్లు వచ్చింది. అంటే అది నికార్సయిన 40 వాట్ల ప్యానెల్. చక్కగా పనిచేస్తోంది. అబద్ధం ఆడింది ప్యానెల్ కాదు, చీటీ.

మీటరు లేనివాళ్ళకు బల్బులు. ఎల్‌ఈడీ కాదు, లోపల తీగ వేడెక్కి వెలిగే పాత రకం బల్బులే. 40, 50 వాట్ల ప్యానెల్‌కి 21 వాట్ల బ్రేకు బల్బులు రెండు పక్కపక్కన కలపండి. పెన్సిలు నీడ పోయేలా పెట్టిన ప్యానెల్ వాటిని కళ్ళు చెదిరేలా వెలిగించాలి. ఎర్రగా నిప్పుకణికలా ఉండిపోతే కరెంటు రావడం లేదు. బల్బుల వాట్లు మొత్తం కలిపి ప్యానెల్ వాట్లకు దగ్గరగా ఉండాలి. పెద్ద ప్యానెల్‌కి చిన్న బల్బు పెడితే మాడిపోతుంది. చేత్తో పట్టుకోకండి, కాలుతుంది.

ఆ బల్బులు వెలుగుతుండగా ఒక ఆట ఆడండి, పిల్లలకు బాగా నచ్చుతుంది. ప్యానెల్‌లో ఒకే ఒక్క గడిని అరచేతితో కప్పండి. 36లో ఒకటి పోతే 36వ వంతు వెలుగు తగ్గాలి అనుకుంటాం. అలా జరగదు, వెలుగు పడిపోతుంది. గళ్ళన్నీ వరసగా కట్టిన గొలుసు గనుక ఒక్క గడి ఆగితే దాని వరస అంతా ఆగుతుంది. పౌలు శరీరంలోని అవయవాల గురించి కొరింథీయులకు రాసింది నాకు ఇక్కడ గుర్తొస్తుంది. మన మిద్దెల మీద చూడండి. సింటెక్స్ ట్యాంకు నీడ, కేబుల్ వైరు నీడ, ఆరేసిన చీర నీడ. ప్యానెల్ పనిచేయడం లేదని పిలిస్తే వెళ్ళి బట్టల తాడు జరిపి వచ్చిన సందర్భాలున్నాయి.

వోల్టేజీ సరిగ్గా సగానికో, మూడో వంతు తక్కువకో పడిపోయి ఉంటే అది వేరే జబ్బు. ప్యానెల్ వెనక నల్ల డబ్బాలో బైపాస్ డయోడ్లు ఉంటాయి, చిన్న ప్యానెల్‌కి తరచు రెండు, పెద్దదానికి మూడు. ఒకటి కాలిపోయి షార్ట్ అయితే దాని వాటా వోల్టేజీ మొత్తం మాయమవుతుంది. పిడుగులు పడ్డ తరువాత ఇది కనిపిస్తూ ఉంటుంది. కొన్ని డబ్బాలు మూత తీసి డయోడ్ మార్చడానికి వీలుగా ఉంటాయి, తెలిసిన మెకానిక్ చేతికిస్తే చవకలో తేలుతుంది. ఈ ఒక్క డయోడ్ కోసం ప్యానెల్‌ని పాత ఇనుపవాడికి వేసేసినవాళ్ళున్నారు.

కంటితో చూసేవి త్వరగా చెప్పేస్తాను. అద్దం పగిలిందా, గళ్ళ మీద గోధుమరంగు కాలిన మచ్చలున్నాయా, వెనక తెల్లటి పొర పగిలి పెచ్చులూడుతోందా, నల్ల డబ్బాలోకి నీళ్ళు, చీమలు చేరాయా, వైరు కొసలు పచ్చబారాయా. కాసిమేడు, రాయపురం లాంటి సముద్రం పక్క ఊళ్ళలో ఉప్పుగాలికి అతుకులు త్వరగా తుప్పు పడతాయి. ఎన్నూరు, మణలి వైపు దుమ్ము సంగతి మీకు నేను చెప్పాలా? వారానికొకసారి తెల్లవారుజామున చల్లగా ఉన్నప్పుడు మెత్తటి గుడ్డతో తుడవండి. మిట్టమధ్యాహ్నం కాలుతున్న అద్దం మీద చన్నీళ్ళు కొట్టకండి. బోరు నీళ్ళయితే తుడిచి ఆరబెట్టాలి, లేకపోతే తెల్ల మరకలు కట్టి అవే నీడవుతాయి.

ప్యానెల్ బాగుంది, అయినా దీపం వెలగడం లేదంటే వరసగా వెనక్కి నడవండి. ఫ్యూజు, కంట్రోలర్, వైర్లు, బ్యాటరీ. సాయంత్రం చార్జింగు ఆపి ఓ గంట ఊరుకోనిచ్చి బ్యాటరీ వోల్టేజీ చూస్తే 12.7 దగ్గరుంటే నిండింది, 12 దగ్గరుంటే ఆకలితో ఉంది. ఎండలో చార్జు అవుతుండగా 13.8, 14 పైకి ఎక్కాలి. ఎక్కడం లేదంటే ప్యానెల్ నుంచి ధార అందడం లేదు, లేదా బ్యాటరీయే తాగడం లేదు. విప్పేటప్పుడు ముందు ప్యానెల్ వైర్లు, తరువాత బ్యాటరీ. కలిపేటప్పుడు ముందు బ్యాటరీ, తరువాత ప్యానెల్. ఈ వరస తప్పితే కొన్ని కంట్రోలర్లు చస్తాయి.

ఇప్పుడు సొంత మిద్దె ఉండి, పెద్ద సోలార్ పెట్టించుకున్న అన్నలకు ఒక మాట. మీరు ఈ మీటరు తీసుకుని పైకి ఎక్కొద్దు. అక్కడ ప్యానెళ్ళు వరసగా కలిపి ఉంటాయి, వందల వోల్టుల డీసీ పారుతుంది. అది పట్టుకుంటే వదలదు, నిప్పు కూడా అంటుకుంటుంది. ఒక్కో పెద్ద ప్యానెల్ 13 ఆంపియర్లు ఇస్తుంది, మన చిన్న మీటరు పదికే ఆగిపోతుంది. మీ పరికరం నోటుపుస్తకం. ఇన్వర్టర్ తెర మీద ఆ రోజు యూనిట్లు ఎన్నో సాయంత్రం రాసుకోండి. ఒక కిలోవాట్‌కి రోజుకు సగటున నాలుగు యూనిట్లు అని లెక్క. మూడు కిలోవాట్లు పెట్టి, ఏప్రిల్‌లో మబ్బులేని రోజున ఆరు యూనిట్లే వస్తుంటే పెట్టినవాణ్ణి పిలిచి అడగాలి. నవంబరు వానల్లో ఆరు వస్తే అడగక్కర్లేదు.

ఇంకో సంగతి. 2023 డిసెంబరు మొదటి వారం మిచౌంగ్ తుపాను మన ఊరిని ముంచి, వెళ్ళి బాపట్ల దగ్గర తీరం దాటింది. ఇక్కడ చాలా పేటల్లో రోజుల తరబడి కరెంటు లేదు. బ్యాటరీ లేకుండా లైనుకు కలిపిన సోలార్ ఉన్నవాళ్ళకు కూడా అలాంటప్పుడు దీపం వెలగదు. ప్యానెల్ చెడి కాదు. లైను మీద కరెంటు పోతే ఆ ఇన్వర్టరు తానే ఆగిపోయేలా చేస్తారు. లేకపోతే స్తంభమెక్కి తీగలు సరిచేస్తున్న మనిషి మీ మిద్దె కరెంటుకు చనిపోతాడు. తుపానుకు దీపం కావాలనుకుంటే కొనేటప్పుడే బ్యాటరీ గురించి అడగాలి. పది మంది కన్యకల ఉపమానంలో ఐదుగురికి దివిటీలు ఉన్నాయి, సిద్దెలే లేవు.

ప్రభుత్వాలు ఈ దారిలో చాలా డబ్బు పెడుతున్నాయి. 2011లో తమిళనాడు ప్రభుత్వం గ్రామాల్లో పేదలకు 300 చదరపు అడుగుల సోలార్ ఇళ్ళ పథకం తెచ్చింది, ఇంటికి ఐదు సోలార్ దీపాలు, ఏటా 60,000 ఇళ్ళు లక్ష్యం. 2024 ఫిబ్రవరిలో కేంద్రం పీఎం సూర్య ఘర్ పథకం ప్రారంభించింది. ఒక కిలోవాట్‌కి 30,000, రెండింటికి 60,000, మూడు, ఆపైన ఎంతైనా 78,000 రూపాయల సబ్సిడీ. లక్ష్యం కోటి ఇళ్ళు. సంతోషమే. కానీ ఇందులోకి రావాలంటే పైకప్పు మనదై ఉండాలి. అద్దె ఇళ్ళలో, కన్నగి నగర్, పెరుంబాక్కం లాంటి బహుళ అంతస్తుల కాలనీల్లో ఉండే మనవాళ్ళకు సొంత మిద్దె ఎక్కడిది? ఈ ఊరి వీధులు ఊడ్చే తెలుగు కుటుంబాలు తరాలుగా ఇక్కడే ఉన్నా వాళ్ళ నెత్తిన తమదన్న కప్పు ఉన్నవాళ్ళు తక్కువ. అందుకే మనవాళ్ళు కొనేది సబ్సిడీ లేని చిన్న ప్యానెల్, చీటీ నమ్మి, బిల్లు లేకుండా, తరచు సెకండ్ హ్యాండులో. పెద్దదానికి తనిఖీ చేసే అధికారులు ఉంటారు. చిన్నదానికి ఎవరూ లేరు. అక్కడే మన యవ్వనస్థుల పని ఉందని నేనంటాను.

అక్క సంగతి ఏమైందని అడుగుతారు. మేం లెక్కలన్నీ కాగితం మీద రాసుకుని దుకాణానికి వెళ్ళాం. పైనుంచి అలాగే వచ్చింది, చీటీ నేను అంటించలేదు అన్నాడు. బిల్లు చూపించమన్నాడు. ఆమె దగ్గర బిల్లు లేదు, ఇవ్వలేదు కాబట్టి. చివరికి చాలా వాదన తరువాత ఇంకో 40 వాట్ల ప్యానెల్ సగం ధరకు ఇచ్చాడు. రెండూ పక్కపక్కన కలిపి ఇప్పుడు బండి నడుస్తోంది. ఇది న్యాయం కాదు, సర్దుబాటు. రెండు బ్యాటరీల డబ్బు, దాని వడ్డీ ఆమెకు తిరిగి రాలేదు.

బిల్లు గురించి చట్టం ఏమంటోందో తెలుసుకోండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడమే అనుచిత వ్యాపార పద్ధతి. బండి పెట్టుకునేవాళ్ళు వ్యాపారస్థులు కదా, వినియోగదారులు ఎలా అవుతారు అని దుకాణంవాడు బెదిరిస్తాడు. సొంత జీవనోపాధి కోసం కొని తామే వాడుకునేవాళ్ళు వినియోగదారులే అని అదే చట్టంలో ఉంది. 1915కి ఫోను చేయవచ్చు. జిల్లా కమిషన్‌లో ఐదు లక్షల వరకు చెల్లించి కొన్న వస్తువు మీద ఫిర్యాదుకు ఫీజు లేదు, రెండేళ్ళలోపు వేయాలి. కొన్నరోజే ప్యానెల్ వెనక చీటీని, సీరియల్ నంబరును, టేపు పెట్టిన ప్యానెల్‌ని ఫోనులో ఫోటోలు తీసి పెట్టుకోండి. చీటీ మీద భారతీయ ప్రమాణాల సంస్థ గుర్తు ఉందో లేదో కూడా చూడండి.

నిజంగా చచ్చిన ప్యానెల్‌ని ఏం చేయాలి? 2022 ఈ-వ్యర్థాల నియమాలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చాయి, సోలార్ ప్యానెళ్ళు కూడా వాటి కిందికే వస్తాయి. అనుమతి ఉన్న రీసైక్లర్‌కి చేరాలి. కొడుంగైయూరు గుట్ట మీద రాగి కోసం వైర్లు కాల్చేది ఎవరి పిల్లలో మీకు తెలుసు. ప్యానెల్ అతుకుల్లో సీసం ఉంటుంది. అద్దం పగలగొట్టి చెత్తలో వేయకండి. సగం పనిచేసే ప్యానెల్ అయితే పడేయనే అక్కర్లేదు. గుమ్మిడిపూండి అవతల, సూళ్ళూరుపేట వైపు మన చుట్టాల ఊళ్ళలో ప్రార్థన మందిరంలో ఒక దీపానికి, ఒక ఫోనుకు అది ఇంకో పదేళ్ళు పనికొస్తుంది. అయితే ఇచ్చేటప్పుడు కొలిచి, నిజమైన వాట్లు పెద్ద అక్షరాలతో వెనక రాసి ఇవ్వండి.

నేను అడిగేది ఒకటే. ఈ సంఘంలో ఒక మీటరు, ఒక టేపు, నాలుగు బల్బులు ఒక సంచిలో ఉండాలి. ఇద్దరు చెల్లెళ్ళు, ఇద్దరు తమ్ముళ్ళు వాడడం నేర్చుకోవాలి. చెల్లెళ్ళ పేరు కావాలనే ముందు చెప్పాను. పగలు ఎండ వేళ ఇంట్లో ఎక్కువగా ఉండేది ఆడవాళ్ళు, మీటరు పట్టుకోవడం వాళ్ళకు వస్తే ఏ మెకానిక్ మాట వాళ్ళని కంగారు పెట్టదు. ఎవరు ప్యానెల్ కొనబోతున్నా ఆ సంచితో ఒకరు తోడు వెళ్ళాలి.

టైము పదకొండున్నర అయింది, మబ్బు కూడా విడిచింది. మిద్దె మీద మూడు ప్యానెళ్ళు దుప్పట్లు కప్పి పెట్టాం. ఒకటి కొత్తది, ఒకటి పాతదైనా మంచిది, మూడోదానికి ఒక జబ్బు ఉంది. ఏది ఏదో నేను చెప్పను. నలుగురు నలుగురుగా పైకి రండి, చెప్పులు వేసుకునే రండి, నేల కాలుతోంది. మొదట టేపు పట్టుకునేది ఎవరు?